వెండీ పెద్దదయ్యాక

పాఠకుల ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

చిన్నప్పుడు చదివిన పుస్తకాన్ని పెద్దయ్యాక మళ్లీ తెరిచినవాళ్లు ఉంటే రాయమని పోయిన నెల అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో నాలుగు పీటర్ పాన్ గురించే ఉన్నాయి. వాటిని చూశాక నేనూ బీరువాలోంచి నా పుస్తకం తీసి, రెండు రాత్రులు కూర్చుని మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాను. అందుకే ఈసారి జవాబులు కాస్త పొడుగయ్యాయి.

ప్రశ్న: టీచర్ గారూ, నాకు నలభై ఆరేళ్లు. ఏడో తరగతిలో పీటర్ పాన్ మాకు ఇంగ్లీషు నాన్‌డిటైల్డ్. ఎగిరే పిల్లలు, ఓడదొంగలు, మొసలి కడుపులో టిక్ టిక్‌మనే గడియారం, అంతవరకే గుర్తుంది. జూన్‌లో మా అబ్బాయి హాస్టల్‌కి వెళ్లాక, ఏమీ తోచక వాడి అరలో ఉన్న పూర్తి పుస్తకం చదవడం మొదలుపెట్టాను. చివరి అధ్యాయం దగ్గర ఏడుపు ఆగలేదు. మా ఆయన కంగారుపడిపోయారు. పిల్లల పుస్తకానికి ఇంత ఏడుపేమిటి? అప్పుడు చదివిందీ ఇప్పుడు చదివిందీ ఒకటే పుస్తకమా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ఒకటి కాదమ్మా. మీరు ఏడో తరగతిలో చదివిన దాంట్లో బహుశా ఆ చివరి అధ్యాయం లేదు. పిల్లల కోసం కుదించినప్పుడు చాలామంది మొదట కోసేసేది దాన్నే. పిల్లలు ఇంటికొచ్చారు, అమ్మానాన్నా సంతోషించారు, కథ కంచికి. నేను మొదట చదివిందీ అలాంటిదే. అప్పుడు నాకు పదేళ్లు. కాకినాడలో మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది, రోజుకి ఐదు పైసలు. అట్ట ఊడిపోయిన బొమ్మల పుస్తకం తెచ్చుకున్నాను. అందులో అమ్మాయి పేరు వెండీ. మన వెండే అనుకున్నాను. బొమ్మలో తెల్ల గౌను వేసుకుని, వెన్నెల్లో ఎగురుతోంది కదా, అందుకే వాళ్లమ్మ ఆ పేరు పెట్టిందని చాలాకాలం నమ్మాను.

ఆ పేరు వెనక ఉన్న సంగతి పెద్దయ్యాక తెలిసింది. రచయిత జె.ఎం. బ్యారీకి మార్గరెట్ హెన్లీ అనే చిన్నపిల్ల అంటే ఎంతో ఇష్టం. ఆ పిల్లకి ‘ర’ పలికేది కాదు. ‘నా ఫ్రెండ్’ అనబోయి ‘ఫ్వెండీ’ అనేదట. అయిదేళ్ల వయసుకే, 1894లో ఆ పాప చనిపోయింది. పదేళ్ల తర్వాత బ్యారీ ఆ ముద్దుమాటని తన నాటకంలో పిల్లకి పేరుగా పెట్టాడు. నాటకం మొదటి ప్రదర్శన లండన్‌లో, 1904 డిసెంబరు 27న. నవల 1911లో వచ్చింది. మీరు ఏడ్చిన ఆ ఘట్టాన్ని ఆయన మధ్యలో, 1908లో, విడిగా రాశాడు. అప్పట్లో ఒక్క రాత్రి మాత్రమే రంగస్థలం మీద ఆడారు. తర్వాత నవలకి అదే ముగింపు అయింది.

ఆ అధ్యాయం చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఏడాదికోసారి ఇల్లు దులుపుకునే వసంతకాలంలో వచ్చి వెండీని తన దీవికి తీసుకెళ్తానని, ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లవాడు పీటర్ మాటిస్తాడు. ఒక ఏడు వస్తాడు. ఇంకో ఏడు రాడు. ఆ పై ఏడు వస్తాడు గానీ, మధ్యలో ఒక ఏడు పోయిందన్న సంగతే అతనికి తెలియదు. ఆ తర్వాత మాయం. ఏళ్లు గడుస్తాయి. వెండీకి పెళ్లయి, జేన్ అనే కూతురు పుడుతుంది. ఒక రాత్రి ఆమె మంట వెలుతురులో నేలమీద కూర్చుని బట్ట కుట్టుకుంటుంటే కిటికీ తెరుచుకుని పీటర్ వచ్చేస్తాడు, అదే వయసు, అవే పాలపళ్లు. మంచం మీదున్నది వెండీ చిన్న తమ్ముడు మైకేల్ అనుకుంటాడు. వెండీ ఏం చేస్తుందో చూడండి. మంట పక్కనే ముడుచుకుని, వీలైనంత చిన్నగా కనిపించాలని చూస్తుంది. తప్పు చేసి దొరికిపోయిన మనిషిలాగా. ‘నన్ను వదులు, నన్ను వదులు’ అని ఆమె లోపల ఎవరో తననే బతిమాలుకుంటుంటారు. లోపల ఇరుక్కున్న ఆ చిన్నపిల్ల తన పెద్దరికాన్ని వేడుకుంటోంది. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఆ పేరా మాత్రం క్లాసులో పైకి చదవగలనని ఇప్పటికీ నమ్మకం లేదు.

చిన్నప్పుడు మనమంతా ఎగిరేవాళ్ల పక్షం. కిటికీ అనేది దూకి బయటపడటానికి ఉన్న దారి. ఇప్పుడు మీరూ నేనూ కిటికీకి ఇవతల, గదిలో నిలబడి చదువుతున్నాం. వెండీ తల్లి మిసెస్ డార్లింగ్ మొదటిసారి చదివినప్పుడు నా కంటికే ఆనలేదు. ఈసారి ఆవిడ దగ్గరే ఆగిపోయాను. పిల్లలు వెళ్లిపోయాక ఆ కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచాలన్నది ఆవిడ పట్టుదల. చివరికి పిల్లలు తిరిగొచ్చి, చప్పుడు చేయకుండా మంచాలెక్కి పడుకుంటారు. ఆవిడ చూస్తుంది. చూసి కూడా నమ్మదు. ఆ మంచాల మీద వాళ్లని అంత తరచుగా కలలో చూసింది కాబట్టి, ఇదీ ఆ కల తాలూకే అనుకుని ఊరుకుంటుంది. కేక పెట్టదు, పరుగెత్తదు. పదేళ్లప్పుడు ఈ వాక్యం మీద నుంచి నేను ఎలా దాటిపోయానో!

మా రెండో అన్నయ్య పి.యు.సి. తప్పాడు. నాన్నతో మాటామాటా పెరిగి, ఎవరికీ చెప్పకుండా బొంబాయి వెళ్లిపోయాడు. ఏడాదిన్నర పాటు అమ్మ వీధి తలుపు గడియ పెట్టనివ్వలేదు. మంచం వసారాలోకి లాక్కుని అక్కడే పడుకునేది. దొంగలు పడతారని నాన్న కోప్పడితే, “మనింట్లో దొంగలకి ఏముందండీ” అనేది. వాడు ఒక మే నెలలో, మిట్టమధ్యాహ్నం వచ్చాడు. అమ్మ పెరట్లో ఆవకాయకి కాయలు కొట్టిస్తోంది. తలెత్తి చూసి, “కాళ్లు కడుక్కుని రా, అన్నం పెడతాను” అంది, అంతే. ఆ రాత్రి వీధి తలుపు గడియ అమ్మే వేసింది. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది.

అందుకని మీ వారిని కంగారుపడొద్దని చెప్పండి. అబ్బాయి హాస్టల్లో ఉన్నాడు, దసరా సెలవులకి వస్తాడు. ఈలోగా ఆయన చేత కూడా ఆ పుస్తకం చదివించండి. మిస్టర్ డార్లింగ్ సంగతి ఆయనకి నచ్చుతుంది. పిల్లలు వెళ్లిపోయింది తనవల్లేనని, కాపలాకుక్క నానాని ఆ రోజు పెరట్లో కట్టేసింది తనేనని, ఆ తండ్రి తనకు తానే శిక్ష వేసుకుంటాడు. కుక్కగూట్లో కాపురం పెడతాడు. ఆఫీసుకి కూడా ఆ గూడుతోనే వెళ్తాడు. చిన్నప్పుడు పడీపడీ నవ్వాం దానికి. ఇప్పుడు మళ్లీ చదివి చూడండి.

ప్రశ్న: మేడమ్, మా పాపకి చదివి వినిపిద్దామని పీటర్ పాన్ కొన్నాను. చిన్నప్పుడు పీటర్ నా హీరో. ఇప్పుడు చదువుతుంటే ఒళ్లు జలదరించింది. వీడు మంచివాడు కాదు. నేనే మారానా, లేక ముందే నాకు అర్థం కాలేదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీకు జలదరించిన చోటు ఏదో ఊహించగలను. పీటర్ ఉండే దీవిలో పిల్లలు పెద్దవాళ్లవుతున్నట్టు కనిపిస్తే, అది నిబంధనలకి విరుద్ధం కనుక పీటర్ వాళ్లని ‘పలచన చేస్తాడు’ అనే మాట. ఎలా అన్నది రచయిత చెప్పడు. ఒక్క ముక్క అని ముందుకెళ్లిపోతాడు. పిల్లలు దాన్ని పట్టించుకోరు. పెద్దవాళ్లు ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ చదువుతారు.

మీరు మారారు, నిజమే. కానీ పీటర్‌ని మంచివాడని బ్యారీ ఎక్కడా చెప్పలేదు. పీటర్‌కి ధైర్యం ఉంది, జ్ఞాపకం లేదు. ఓడదొంగల నాయకుడు హుక్‌ని చంపిన కొన్నాళ్లకే హుక్ ఎవరని అడుగుతాడు. చంపాక వాళ్లని మర్చిపోతానంటాడు. తనకోసం విషం తాగిన బుల్లి దేవకన్య టింకర్ బెల్‌ని కూడా మర్చిపోతాడు. జ్ఞాపకం లేనివాడికి దుఃఖం ఉండదు, కృతజ్ఞతా ఉండదు. ఎవరినీ గుర్తుంచుకోకుండా ఎవరినైనా ప్రేమించడం ఎలా కుదురుతుంది? పెద్దవాడు కాకపోవడానికి అతను కట్టిన ధర ఇదేనని నాకనిపిస్తుంది.

ఈ మరుపు అంటువ్యాధిలాంటిది. దీవికి వెళ్లాక వెండీ తమ్ముళ్లు కూడా అమ్మానాన్నలని మర్చిపోతుంటారు. చిన్నవాడు మైకేల్ అయితే వెండీయే కన్నతల్లి అనుకుంటాడు. అప్పుడు వెండీ ఏం చేసిందో తెలుసా? పరీక్ష పెట్టింది. అమ్మ కళ్ల రంగేమిటి? అమ్మ నవ్వు ఎలా ఉంటుంది? అమ్మ, నాన్న, ఇద్దరిలో ఎవరు పొడుగు? ఇలా ప్రశ్నపత్రం రాసి ఇచ్చింది. జవాబు తెలియని ప్రశ్నకి గుణకారం గుర్తు వేయమంది. పెద్దవాడు జాన్ పెట్టిన గుర్తులు చూస్తే బాధ కలుగుతుంది. జీవితమంతా ప్రశ్నపత్రాలు తయారుచేసిన దాన్ని నేను. ఇంత అవసరమైన పరీక్ష ఒక్కటీ పెట్టలేదు.

పీటర్ ఇలా ఎందుకున్నాడో తెలియాలంటే బ్యారీ చిన్నతనం కొంచెం తెలియాలి. స్కాట్లాండ్‌లో కిరీమ్యూర్ అనే చిన్న ఊరు. తండ్రి మగ్గం నేసేవాడు. పదిమంది పిల్లల్లో ఈయన తొమ్మిదోవాడు, 1860లో పుట్టాడు. తల్లికి అందరికన్నా ఇష్టమైన కొడుకు డేవిడ్, 1867 జనవరిలో మంచు మీద స్కేటింగ్ దగ్గర ప్రమాదం జరిగి పోయాడు. మర్నాటికి పద్నాలుగేళ్లు నిండేవి. తల్లి మంచం పట్టింది. అప్పటికి బ్యారీకి ఆరేళ్లు. తర్వాత తల్లి గురించి రాసిన పుస్తకంలో ఆయన ఒక సంగతి చెప్పాడు. చీకటి గదిలోకి భయంగా వెళ్లి నిలబడ్డాడట. “నువ్వేనా?” అని తల్లి గొంతు. పలకలేదు. మళ్లీ “నువ్వేనా?” అంది. పోయిన అన్నయ్యనే పిలుస్తోందని ఆ పిల్లవాడికి అర్థమైంది. “కాదమ్మా, వాడు కాదు, నేనే” అన్నాడు. ఆ చీకట్లోనే ఆవిడ మంచం మీద ఇటు తిరిగి చేతులు చాపింది.

డేవిడ్ ఆ ఇంట్లో ఎప్పటికీ పదమూడేళ్ల పిల్లవాడుగానే ఉండిపోయాడు. తమ్ముడు పెద్దవాడయ్యాడు. ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లవాడి కథ రాసింది ఆ తమ్ముడే. ఆ తల్లి పేరు మార్గరెట్. నవల చివరి పేరాలో వెండీ మనవరాలు వస్తుంది, ఆ పిల్ల పేరూ మార్గరెట్. ‘ఫ్వెండీ’ అన్న పాప పేరూ అదే. బ్యారీ మనసులో ఎవరున్నారో నేను చెప్పలేను గానీ, ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు ముగ్గురూ కనిపిస్తారు.

పీటర్ కూడా ఒకసారి ఇంటికి తిరిగి వెళ్లానని చెప్తాడు. కిటికీకి కమ్మీలు వేసి ఉన్నాయట, తన మంచం మీద ఇంకో పిల్లవాడు నిద్రపోతున్నాడట. ఇది నిజమో కాదో గానీ పీటర్ నిజమనుకున్నాడని రచయిత అంటాడు. అది చదివాక నాకు పీటర్ మీద కోపం నిలవలేదు. మీకు నిలిస్తే అదీ తప్పు కాదు. మీ పాపకి మాత్రం అప్పుడే ఇవన్నీ చెప్పకండి. కొన్నాళ్లు హీరోగానే ఉండనివ్వండి.

ప్రశ్న: పీటర్ పాన్ పుస్తకం మీద వచ్చే డబ్బు ఒక పిల్లల ఆసుపత్రికి వెళ్తుందని విన్నాను. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: నిజమే. 1929లో బ్యారీ ఆ హక్కులన్నీ లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చేశాడు. ఎంత వస్తోందో బయటపెట్టొద్దని కోరాడు. ఆయన 1937లో పోయాడు. యాభై ఏళ్లకి, 1987 చివర, బ్రిటన్‌లో కాపీరైట్ గడువు తీరింది. అప్పుడు మాజీ ప్రధాని జేమ్స్ కాలహన్ చొరవతో 1988 చట్టంలో ప్రత్యేకంగా ఒక ఏర్పాటు పెట్టారు. బ్రిటన్‌లో ఆ నాటకం ఆడినా, పుస్తకం వేసినా వచ్చే రాయల్టీ ఎప్పటికీ ఆ ఆసుపత్రికే. పెద్దవాడు కాని పిల్లవాడి కథ, జబ్బుపడిన పిల్లలు పెద్దవాళ్లు కావడానికి సాయపడుతోంది.

ప్రశ్న: టీచర్ గారూ, నాది ఇంకో పుస్తకం. ఇక్కడ కంప్యూటర్లో పాత చందమామలు దొరికాయి. చిన్నప్పుడు ప్రాణం పెట్టి చదివిన సీరియల్ ఒకటి మొత్తం ఒక్క శనివారంలో చదివేశాను. ఎందుకో చప్పగా అనిపించింది. చాలా దిగులేసింది. తెరవకుండా ఉండాల్సిందా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఒక్క శనివారంలో చదివారా! బాబూ, అక్కడే వచ్చింది చిక్కు. ఆ సీరియల్స్ నెలకి నాలుగైదు పేజీల లెక్కన తినడానికి వండినవి. 1954లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ మొదలైంది మొదలు ఆ పద్ధతే. మాంత్రికుడు కత్తి ఎత్తుతాడు, నెల అయిపోతుంది. మిగతా ముప్ఫై రోజులూ కథని నడిపించింది ఎవరు? మీరే. స్కూలుకి వెళ్తూ, బావి దగ్గర స్నానం చేస్తూ, తమ్ముడితో పందెం వేస్తూ ఆ కత్తి ఎవరి మీద పడుతుందో మీరు కల్పించుకున్నారు. చిత్రా గారు వేసిన ఒక్క బొమ్మని నెలంతా చూశారు. మీకు ప్రాణమైన కథలో సగం అచ్చులో లేదు, ఆ ఎదురుచూపులో ఉంది. ఇప్పుడు మీకు దొరికింది రెండో సగం మాత్రమే.

మాట తప్పకుండా ఒక పని చేయండి. ఇంకో సీరియల్ ఎంచుకుని, నెలకి ఒక్క భాగం. ఇంట్లో పిల్లలుంటే వాళ్లతో కలిసి చదవండి. రెండో భాగం అడిగినా ఇవ్వకండి. నాలుగు నెలలయ్యాక నాకు ఉత్తరం రాయండి. అప్పటికీ చప్పగా ఉంటే ఆ పుస్తకంతో మీ బంధం తీరిపోయినట్టే. కొన్ని పుస్తకాలు మనతో పాటు రావు, నాకూ అలాంటివి ఉన్నాయి. నలభై ఏళ్ల తర్వాత కూడా మనకోసం కొత్త పేజీ విప్పేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పీటర్ పాన్ నాకు అలా మిగిలింది.

ప్రశ్న: మా మనవడికి ఎనిమిదేళ్లు. పీటర్ పాన్ పూర్తి పుస్తకం చదివి వినిపించవచ్చా? చివరి అధ్యాయం వదిలేయమంటారా? అందులో ఆదివాసుల గురించి రాసింది బాగోలేదని మా అమ్మాయి అంటోంది.
– ఒక అమ్మమ్మ, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి మాట సరైనదే అమ్మా. అమెరికా ఆదివాసులని ఆ పుస్తకం చర్మం రంగుతో పిలుస్తుంది, వచ్చీరాని మాటలు వాళ్ల నోట పెడుతుంది. వాళ్లు పీటర్ ముందు సాగిలపడి ‘తెల్ల తండ్రి’ అని పిలుస్తారు. పీటర్‌కి అది బాగా నచ్చుతుంది. రెండు వందల ఏళ్లు తెల్లదొరల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ దేశంలో మనం అది చదువుతున్నాం. గొంతులో ముల్లులా తగులుతుంది. నేను ఆ పేజీలు దాటేయను. ఆగి, వందేళ్ల కిందట ఇంగ్లండులో ఇలా రాసేవాళ్లు, అది తప్పు, అని చెప్పి ముందుకెళ్తాను. పిల్లలకి తప్పు అనే మాట బాగానే అర్థమవుతుంది. ఆడపిల్ల అనేసరికి వెండీకి సాక్సులు కుట్టే పని, వంటపనీ అప్పజెప్పారు కదా, అక్కడా ఆగుతాను.

చివరి అధ్యాయం మాత్రం వదలకండి. పుస్తకంలో ఆఖరి మాట, పిల్లలు ఆనందంగా, అమాయకంగా, ‘హార్ట్‌లెస్’గా ఉన్నంతకాలం ఈ కథ ఇలాగే సాగుతుంది అని. ఆ మూడో మాటకి తెలుగు వెతకడానికి చాలా తంటాలు పడ్డాను. ‘హృదయం లేకుండా’ అంటే మరీ కటువు. మా అమ్మ మమ్మల్ని తిట్టేటప్పుడు “మీకేం పడుతుందర్రా” అనేది. ఆ పట్టనితనమే ఆ మాట.

పోయిన డిసెంబరులో మా మనవరాలికి చదివి వినిపించాను. దానికీ ఎనిమిదే. వెండీ కిటికీ దగ్గర నిలబడి, పీటర్‌తో ఎగిరిపోతున్న కూతుర్ని చూస్తూ, వాళ్లు నక్షత్రాలంత చిన్నగా అయ్యేదాకా అలాగే నిలబడిపోయే చోటికి వచ్చేసరికి నా గొంతు పట్టేసింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. అది నా మొహంలోకి ఓసారి చూసి, “అమ్మమ్మా, జేన్ స్వెటర్ వేసుకోలేదుగా, పైన చలెయ్యదా?” అంది. ఏమోనే అన్నాను. “తర్వాత?” అంది. తర్వాత లేదు, అయిపోయింది అన్నాను. సరే అని మంచం మీంచి దూకి, వంటింట్లో పునుగుల వాసన వస్తుంటే అటు పరుగెత్తింది.